పుట్టపాక ఇక్కత్ ఫొటోలు: ఎడిటింగ్ ఎక్కడి దాకా? (ప్రాజెక్టు డైరీ)

జూన్ మొదటి వారం

పుట్టపాకలో నేసే ఇక్కత్ బట్టలను (నేతకు ముందే దారానికి రంగులు అద్ది నేసేవి), వాటి వెనక ఉన్న పనిని ఫొటోల్లో రికార్డు చేయాలని మొదలుపెట్టాను. ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది గానీ మా లెక్కలో అది నల్లగొండే. ఈ ఫొటోలతో రెండు పనులున్నాయి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి పెద్ద ప్రింట్లతో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలి. అంతకంటే ముఖ్యంగా, నేత కుటుంబాలు కొనేవాళ్లకు నమ్మకంగా పంపుకోగలిగిన ఫొటోలు వాళ్ల చేతికి ఇవ్వాలి. ఇప్పుడు సగం అమ్మకం ఫోన్లోనే జరుగుతోంది. ఫొటో చూసి డబ్బు పంపిన మనిషి పార్సిల్ విప్పి, "ఇందులో రంగు వేరే ఉంది" అని చీర తిప్పి పంపితే ఆ నష్టం నేసినవాళ్ల మీదే పడుతుంది. అందుకే ఈ ప్రాజెక్టులో ఎడిటింగ్ అనేది నా అభిరుచికి వదిలేసే విషయం కాదు.

సామాను: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 24 మెగాపిక్సెళ్ల కెమెరా, ఒక మాక్రో లెన్స్, ట్రైపాడ్, రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు, 24 గళ్ల కలర్ చెకర్, వెలుతురు తిప్పడానికి థర్మోకోల్ అట్టలు. ఎడిటింగ్‌కు డార్క్‌టేబుల్. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, పైగా రా ఫైలును (సెన్సార్ కొలిచింది కొలిచినట్టు ఉండే ఫైలును) ముట్టుకోదు. మనం చేసిన ప్రతి మార్పునూ పక్కన ఒక ఎక్స్‌ఎంపీ ఫైలులో రాసిపెడుతుంది. ఎవరైనా "ఏం చేశావు?" అని అడిగితే ఆ ఫైలు తెరిచి చూపించవచ్చు.

మొదలుపెట్టే ముందు, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర స్టూడియో నడిపే మిత్రుడితో చాలాసేపు వాదన జరిగింది. "ఎడిటింగ్ తక్కువ చేస్త" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"తక్కువ ఎక్కువ ఏంది అన్నా? జేపెగ్ ఫొటో అంటేనే కెమెరా ఎడిట్ చేసి ఇచ్చింది. నువ్వు చెయ్యకపోతే కంపెనీ ఇంజినీర్ చేసిండు, గంతే."

ఆ మాటలో నిజం ఉంది. సెన్సార్ మీద ఒక్కో పిక్సెల్ ఒకే రంగును కొలుస్తుంది. ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఏదో ఒకటి. మిగతా రెండింటినీ చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి లెక్కగట్టి నింపుతారు. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటే, జేపెగ్‌కు వచ్చేసరికి 256 మిగులుతాయి. ఏ మెట్లు ఉంచాలి, ఏవి పారేయాలి అనేది ఎవరో ఒకరు తేల్చాల్సిందే. ఫోన్ అయితే ఒక్క నొక్కుకు చాలా ఫ్రేములు తీసి, కలిపి, నునుపు చేసి, అంచులకు పదును పెట్టి ఇస్తుంది. కాబట్టి "ఎడిట్ చేయని ఫొటో" అని ఒకదాన్ని చూపించమంటే నేను చూపించలేను.

పాతకాలంలో కూడా అంతే. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగెటివ్ నుంచే దశాబ్దాల పాటు ప్రింట్లు వేశాడు. మొదటి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు కనబడుతుంది, తర్వాతి వాటిలో ఆకాశం దాదాపు కాటుక నలుపు. మన దగ్గర స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసే మనుషులు ప్రత్యేకంగా ఉండేవాళ్లు. ముఖం మీద మచ్చ పోవాలన్నా, చెంప మెరవాలన్నా వాళ్ల చెయ్యి పడాల్సిందే.

అందుకని "ఎంత ఎడిటింగ్" అనే ప్రశ్న వదిలేశాను. నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: బట్టను చేతిలో పట్టుకున్న మనిషికి ఏది కనిపిస్తుందో దాని వైపు తీసుకుపోయే మార్పు ఎంత పెద్దదైనా చేస్తాను. బట్టలో ఉన్నదాన్ని చెరిపే మార్పు ఎంత చిన్నదైనా చేయను. ఇది నిలుస్తుందో లేదో పని చెబుతుంది.

జూన్ రెండో వారం: వెలుతురు

నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పొద్దున్నే చేరుకోవాలి. మగ్గం గదిలో తూర్పు వాకిలి వెలుతురు పది దాటితే గట్టిపడిపోతుంది.

గుంత మగ్గం దగ్గర మూడు రకాల వెలుతురు కలుస్తుంది. వాకిట్లోంచి వచ్చే పగటి వెలుతురు, పైన ట్యూబ్‌లైటు, దారం తెగితే చూసుకోవడానికి మగ్గం మీద వేలాడే పసుపు బల్బు. వెలుతురు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో పగటి వెలుతురు 5500 దగ్గర ఉంటే ఆ బల్బు 2700 దగ్గర ఉంటుంది. గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా చేసే సర్దుబాటు) ఒకదానికి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. చీర కుడి సగం నీలంగా, ఎడమ సగం పసుపుగా వస్తుంది. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో మాస్కులు గీసి సరిదిద్దవచ్చు. కానీ మాస్కు అంచు చీర మధ్యలో ఎక్కడ పడితే అక్కడ బట్ట రంగును నేను నిర్ణయిస్తున్నట్టు అవుతుంది. అందుకే లైట్లన్నీ ఆర్పించి, వాకిలి వెలుతురు ఒక్కటే ఉంచి, అవతలి పక్క థర్మోకోల్ అట్ట నిలబెట్టి తీస్తున్నాను. షట్టర్ నెమ్మదిస్తుంది, ట్రైపాడ్ ఉంది కనుక ఫరవాలేదు.

ఇంకో ఇబ్బంది మోరే. సన్న నూలు బట్టను నిటారుగా పైనుంచి తీస్తే, దారాల వరుస పిక్సెళ్ల వరుసకు దగ్గరగా వచ్చినప్పుడు బట్టలో లేని ఇంద్రధనుస్సు చారలు ఫొటోలో పుడతాయి. సాఫ్ట్‌వేర్‌లో మోరే తీసే బ్రష్ ఉంది. అది చారల రంగుతో పాటు దారం రంగునూ కడిగేస్తుంది. కెమెరాను జానెడు వెనక్కి జరపడం, కొంచెం తిప్పడం, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16కు మూయడం, వీటిలో ఏదో ఒకదానితో చారలు పోతున్నాయి. వంగి తీయడంలో నడుము నొస్తుంది గానీ ఫైలు శుభ్రంగా వస్తోంది.

జూన్ చివర: ఎరుపు

ఈ వారమంతా ఎరుపుతోనే గడిచింది.

తేలియా రుమాలు ఇక్కడ నేసే ఒక రకం ఇక్కత్ గుడ్డ. దాని నూలును రంగులో ముంచే ముందు నూనెతోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లతోనూ మళ్లీ మళ్లీ నానబెట్టి పిసుకుతారు. తర్వాత అలిజరిన్ అనే ఎరుపు రంగు ఆ నూలును గట్టిగా పట్టుకుంటుంది. బట్టను ముక్కు దగ్గర పెడితే నూనె వాసన వస్తుంది. ఎరుపు, నలుపు, తెలుపు ప్రధానంగా ఆ మూడే రంగులు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఎరుపు కుంకుమ ఎరుపు కాదు. ఎండలో కొంచెం ఇటుక వైపు, నీడలో కొంచెం గోధుమ వైపు మొగ్గుతుంది.

కెమెరాలో "వివిడ్" పెట్టి తీస్తే మందార పువ్వు వచ్చింది. మామూలు మోడ్‌లోనూ ఎరుపు ఒక ముద్దగా వచ్చింది. హిస్టోగ్రామ్ (ఎంతెంత వెలుతురు పడిందో చూపే గ్రాఫు) మొత్తంగా చూస్తే ఏ ఇబ్బందీ కనబడదు. మూడు రంగులు విడివిడిగా చూస్తే ఎరుపు ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని ఉంది. అంటే ఎరుపు దారాల మధ్య ఉన్న తేడాలు నమోదే కాలేదు. ఎక్స్‌పోజర్ (సెన్సార్ మీద పడే వెలుతురు) ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి తీసి, రా ఫైలులో వెలుతురు పైకి లేపితే దారం దారం విడిగా కనిపించింది. తర్వాత కలర్ చెకర్‌తో ప్రొఫైల్ చేసి ఎరుపును పసుపు వైపు జరిపాను. మామూలు ఫొటోగ్రాఫర్ లెక్కలో ఇది చాలా ఎడిటింగ్. స్క్రీన్ మీద ముందూ తర్వాతా పక్కపక్కన పెడితే రెండూ వేర్వేరు గుడ్డలనిపిస్తుంది.

దాన్ని ల్యాప్‌టాప్‌లో, అసలు రుమాలు పక్కన పెట్టి, నేసిన పెద్దాయనకు చూపించాను. మొదటిది చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిది మాది కాదు బిడ్డా. గింత మెరుపు మా దాంట్ల యాడికెల్లి వస్తది?"

రెండోదాన్ని చాలాసేపు చూశాడు. గుడ్డ చేతిలోకి తీసుకుని స్క్రీన్‌కు ఆనించి పట్టుకున్నాడు. "ఇగో, ఇది మాదే. జర నల్లగుండాలె, గంతే." స్క్రీన్ వెలుతురు తగ్గిస్తే సరిపోయింది.

కెమెరా తనంతట తాను ఇచ్చిన ఫొటోను ఆయన కాదన్నాడు. నేను గంటసేపు కూర్చుని మార్చినదాన్ని తనదన్నాడు. "ఎడిటింగ్ అంటే అబద్ధం" అని ఎవరైనా అంటే ఇకపై ఈ రుమాలు ఫొటోలు రెండూ వాళ్ల ముందు పెడతాను.

జూలై మొదటి వారం: అంచు

ఈ ప్రాజెక్టులో నేను చెప్పదలచుకున్నది అంతా ఇక్కడే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఇక్కత్‌లో బొమ్మ బట్ట మీద పడదు, నేతకు ముందే దారం మీద పడుతుంది. దారాల కట్టకు లెక్క ప్రకారం రబ్బరు ముక్కలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. కట్టు కింద రంగు ఎక్కదు, కానీ కట్టు అంచున కొంచెం లోపలికి పాకుతుంది. మగ్గం మీద దారాలు పక్కపక్కన చేరినప్పుడు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఇక్కత్ పువ్వుకు, గడికి, ఏనుగుకు అంచు గీత గీసినట్టు ఉండదు. పేకకు, అంటే అడ్డం దారాలకు, చిటికి కడితే రంగు అడ్డంగా పాకుతుంది, పడుగుకు, అంటే నిలువు దారాలకు, కడితే నిలువుగా. పుట్టపాక డబుల్ ఇక్కత్‌లో రెండింటికీ కడతారు కనుక రెండు వైపులా పాకుతుంది. కళ్లున్న కొనుగోలుదారు మొదట చూసేది ఆ పాకిన అంచునే. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇక్కత్ డిజైన్ కొట్టిన నకిలీ బట్టకు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, వెనక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. ఇక్కత్‌కు రెండు వైపులూ ఒక్కటే.

ఇప్పుడు ఫొటో ఎడిటింగ్ సంగతి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అందరూ ముందుగా చేసే పని షార్ప్‌నెస్ పెంచడం. తర్వాత క్లారిటీ. ఈ రెండూ ఏం చేస్తాయంటే, అంచు దొరికిన చోట ఒక పక్క మరింత ముదురు చేసి ఇంకో పక్క మరింత లేత చేస్తాయి. పాకిన అంచు వాటి కంటికి మసక. దాన్ని సరిచేయాల్సిన లోపంగానే చూస్తాయి. క్లారిటీని సగానికి నెట్టిన ఫొటోలో డబుల్ ఇక్కత్ పువ్వు ప్రింటు పువ్వులా తేలింది. ఫొటోలో గింజల్లాంటి మచ్చలు తుడిచే ఏఐ డీనాయిస్ ఇంకా చెడగొట్టింది. చేతి నూలులో అక్కడక్కడా లావుగా వచ్చే చోట్లను గ్రెయిన్ అనుకుని నున్నగా తుడిచేసింది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఏఐతో ఫొటోను నాలుగింతలు పెద్దది చేసే టూల్. పెద్ద ప్రింటుకు అవసరమని ప్రయత్నించాను. చూడటానికి ఎంతో అందంగా వచ్చింది, దారాలు తీగల్లా మెరుస్తున్నాయి. ఒక అంగుళం చోటు తీసుకుని భూతద్దంతో బట్టలో దారాలు లెక్కపెట్టి, ఫొటోలోనూ లెక్కపెట్టాను. రెండూ కలవలేదు. కొన్నిచోట్ల ఒక దారం రెండుగా చీలింది, ఒకచోట పడుగు దారం మధ్యలో మాయమై పేకలో కలిసిపోయింది. అలాంటి నేత ఏ మగ్గం మీదా సాధ్యం కాదు. ఆ టూల్ బట్ట ఎలా ఉంటుందో ఊహించి గీసింది. ఎవరి బట్టనో చూసి నేర్చుకున్నది ఈ బట్ట మీద వేసింది.

కాంట్రాస్టు సంగతి కూడా రాసుకోవాలి. డబుల్ ఇక్కత్‌లో ఎరుపు పడుగు మీద ఎరుపు పేక పడితే నిండు ఎరుపు. ఎరుపు మీద తెలుపు పడితే సగం ఎరుపు. తెలుపు మీద తెలుపు పడితే తెలుపు. బొమ్మకు లోతు తెచ్చేది మధ్యలో ఉన్న ఆ సగం రంగే. పడుగు, పేక గీతకు గీత కలిశాయా లేదా అని నేతగాళ్లు ఒకరి పనిని ఒకరు కొలిచేది కూడా ఆ సగం రంగు ఎంత సన్నగా ఉందో చూసే. టోన్ కర్వ్‌ను ఎస్ ఆకారంలో వంచి కాంట్రాస్టు పెంచగానే సగం రంగు అటో ఇటో పోతుంది. ఫొటో మాత్రం "పాప్" అవుతుంది, అందరూ మెచ్చుకుంటారు. మంచి పనివాడి బట్టకూ సాదా పనివాడి బట్టకూ తేడా ఆ మెరుపులో కొట్టుకుపోతుంది.

ఒకే చీరకు మూడు చిన్న ప్రింట్లు వేయించి తీసుకుపోయాను: మార్పుల్లేనిది, క్లారిటీ పెంచినది, ఏఐ పెద్దది చేసినది. వరండాలో ఆడవాళ్లు చిటికి కడుతున్నారు. ఏది ఎలా చేశానో చెప్పకుండా చేతికిచ్చాను. ఒకామె రెండోదాన్ని పక్కకు జరిపేసింది.

"ఇది ప్రింటుది. మాది కాదు. దుకాణంల కొన్నదేనా?"

మూడోదాన్ని పక్కనున్నామె తిప్పి తిప్పి చూసింది. "దీనికి ఏమో అయింది అన్నా. నూలు లెక్క లేదు."

ఆమె చూసింది కొన్ని క్షణాలే. నాకు భూతద్దం కావాల్సి వచ్చింది.

ఇప్పటి నుంచి బట్టల ఫొటోలకు షార్ప్‌నెస్ రా ఫైలు మసకను తీసేంత వరకే, క్లారిటీ సున్నా, ఏఐ టూళ్లు ఏవీ లేవు. ప్రతి ఫొటోలో ఒక మూల మడత పెట్టి వెనక వైపు కూడా కనబడేలా తీస్తున్నాను. నకిలీ బట్టకు ఆ మూల దొరికిపోతుంది.

జూలై మధ్యలో: రుమాలు మొత్తం

పెద్ద ప్రింటుకు పిక్సెళ్లు చాలవు, ఏఐ వద్దనుకున్నాను. ఇక మిగిలింది ముక్కలు ముక్కలుగా తీసి కుట్టడం. రుమాలును బల్ల మీద పరిచి, కెమెరాను పైన అడ్డకర్రకు బిగించి, ఒక్కో ఫ్రేము మూడో వంతు పక్కదానితో కలిసేలా జరుపుతూ తీశాను. తర్వాత అదే వెలుతురులో తెల్ల కాగితం పరిచి దాన్నీ తీశాను. ఆ తెల్ల ఫ్రేముతో భాగిస్తే మూలల్లో వెలుతురు తగ్గడం సమమవుతుంది. లెన్స్ వంపు సరిచేసి, ఫ్రేములన్నీ కలిపితే దారం దారం లెక్కపెట్టుకోగల ఫైలు వచ్చింది.

నా మొత్తం ఫొటోల్లో అన్నిటికంటే ఎక్కువ ఎడిటింగ్ జరిగింది దీనికే. అతుకులు, వంపులు, వెలుతురు లెక్కలు, రంగు ప్రొఫైలు. కెమెరాలో ఒక్కసారైనా ఇలాంటి ఫొటో పడలేదు. అయినా భూతద్దం పెడితే బట్టతో లెక్క కలిసేది ఇదొక్కటే. అతుకు దగ్గర దారం తెగిందేమో అని వరుస వరుసా చూశాను. ఒకచోట అతుకు పువ్వు మీద పడితే దాన్ని గడుల మధ్య తెల్ల గీతకు జరిపాను.

జూలై మూడో వారం: ఆసు పోసే ఇల్లు

ఇది మనుషుల ఫొటోల సంగతి.

పేక నూలుకు చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. వాటి మధ్య దారాన్ని చేత్తో అటూ ఇటూ వేలసార్లు తిప్పితే గానీ ఒక చీరకు సరిపడా పేక సిద్ధం కాదు. తరతరాలుగా ఈ పని ఆడవాళ్లదే, భుజం నొప్పి కూడా వాళ్లదే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, వాళ్లమ్మ లక్ష్మమ్మ పడే బాధ చూసి ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

నేను వెళ్లిన ఇంట్లో చేతి ఆసూ ఉంది, యంత్రమూ ఉంది. యంత్రం గోడ పక్కన తిరుగుతోంది, దాని మీద ఒక ప్లాస్టిక్ డబ్బా, పైన కరెంటు వైరు. కోడలికి చూపించడం కోసం పెద్దావిడ చేతి ఆసు దగ్గర కూర్చుంది. 1/8 సెకను షట్టర్‌తో ఆమె చెయ్యి కదలికగా, ముఖం స్పష్టంగా వచ్చింది. ఫొటో బాగుంది. వెనక యంత్రం కనబడుతోంది.

చూసిన మిత్రులు ఇద్దరు ముగ్గురు అదే మాట అన్నారు: "ఆ మిషన్, వైరు తీసేయి, పాతకాలం ఫీల్ వస్తది." క్లోన్ టూల్‌తో (పక్కనున్నదాన్ని కాపీ చేసి మీద అద్దేది) నిమిషాల పని. నేను చేయలేదు, చేయను. ఆ యంత్రం చెరిపితే ఆ ఇంటి ఆడవాళ్లకు దొరికిన ఊరటనే చెరిపినట్టు. ప్రదర్శనకు వచ్చిన పిల్లలు "ఇప్పటికీ ఇట్లనే చేస్తరు" అనుకుని పోతారు. చరిత్రలో మల్లేశం లేడు, లక్ష్మమ్మ లేదు అని నేను ఫొటోతో సాక్ష్యం చెప్పినట్టు అవుతుంది. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక అడ్డం ఫొటోను నిలువు కవర్‌లో పట్టించడానికి గీజా పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపింది. దాని మీద జరిగిన చర్చ ఇప్పటికీ పాఠంగా చెబుతారు. 2006 ఆగస్టులో బీరుట్ బాంబుదాడి ఫొటోలో ఒక ఫ్రీలాన్సర్ పొగను క్లోన్ చేసి పెంచాడని తేలితే, రాయిటర్స్ వార్తాసంస్థ ఆయన ఫొటోలు 920 తన సేకరణ నుంచి తీసేసింది. పొగ ఒక్క ఫొటోలోదే, నమ్మకం పోయింది మాత్రం అన్నింటి మీదా. పిరమిడ్లకు, పొగకు అంత ఆలోచించినవాళ్లం, మన ఊరి ఆసు యంత్రం దగ్గర ఎందుకు తేలిగ్గా తీసుకోవాలి?

అదే ఇంట్లో ఇంకో సంగతి. పెద్దావిడ చేతుల ఫొటో చూసి కూతురు నన్ను పక్కకు పిలిచింది. గోళ్ల చుట్టూ రంగు, వేళ్ల మీద రబ్బరు కట్ల గుర్తులు.

"అన్నా, అమ్మ చేతులు జర సాఫ్ చెయ్యరాదే. చూసినోళ్లు ఏమనుకుంటరు?"

పెళ్లి ఆల్బమ్‌ల పని మీద బతికేవాడిని కనుక ఈ కోరిక నాకు కొత్త కాదు. పెళ్లికూతురి ముఖం రెండు షేడ్లు తెల్లగా చేయమని అడగని ఇల్లు అరుదు. మిక్సింగ్ చేసే కుర్రాళ్లు అడగకముందే చేసేస్తారు. ఆ పని నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. నల్లగా పుట్టిన అమ్మాయికి తన పెళ్లి ఫొటోలోనే తాను లేకుండా చేయడం చాలా పెద్ద అన్యాయమని నమ్ముతాను. కానీ ఇక్కడ అడిగింది కూతురు, చేతులు వాళ్లమ్మవి. నా ప్రదర్శన కోసం ఆమెకు చిన్నతనం అనిపించే ఫొటో గోడకెక్కించే హక్కు నాకు లేదు. చేతులు తుడిచే ప్రసక్తీ లేదు. ఆ ఫొటో ప్రదర్శనలో పెట్టనని చెప్పాను. అప్పుడు పెద్దావిడ లోపలి నుంచి మాట్లాడింది.

"ఎందుకు తీసేసుడు? నా చేతులే గదా చీర చేసినయి. ఉండనీయ్ బిడ్డా."

కూతురు ఒప్పుకుంది. ఇంట్లో పెట్టుకోవడానికి, పండుగ చీర కట్టుకుని కూర్చున్న ఇంకో ఫొటో తీసి ఇచ్చాను.

జూలై చివర: పానగల్

వాన వల్ల పుట్టపాక పోలేదు. నల్లగొండ పక్కనే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయానికి పోయాను. గర్భగుడిలో లింగం మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలుస్తుందని దానికి పేరు. పక్కన నిలబడిన కుటుంబం ఫోన్లో తీసి చూసుకుని, "నీడ ఏది?" అని వెతుక్కుంటోంది. ఫోన్ హెచ్‌డీఆర్ చీకటిని లేపి, వెలుతురును దించి, అంతా సమం చేసింది. నీడ ఆ సమంలో కలిసిపోయింది. నేను వాళ్ల ఫోన్లో హెచ్‌డీఆర్ ఆపి, వెలుతురు పడే రాతి మీద వేలు పెట్టి ఎక్స్‌పోజర్ తగ్గించి తీసిచ్చాను. నీడ వచ్చింది. గర్భగుడి మూలలు నల్లగా పోయాయి, పోనీ.

ఆగస్టు మొదటి రోజులు: ప్రింట్లు

ల్యాబ్ నుంచి వచ్చిన పరీక్ష ప్రింట్లలో రుమాలు మళ్లీ మందారమైంది. ఫైలు చూస్తే సరిగానే ఉంది. మెషిన్‌లో ఆటో కరెక్షన్ నడుస్తోందని తేలింది. అది ప్రతి ఫొటోనూ పెళ్లి ఫొటో అనుకుని వెలిగిస్తుంది. ఆర్డర్ మీద "ఏ కరెక్షనూ వద్దు" అని రాయించి, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లు, ల్యాబులు వాడే రంగుల పద్ధతి) ఫైలు ఇచ్చి మళ్లీ వేయించాను. మాట్ కాగితం మీద తేలియా నలుపు బూడిదగా దిగుతోంది, గ్లాసీ మీద లైటు పడి అంచు కనబడటం లేదు. చివరికి సెమీ గ్లాసీ దగ్గర ఆగాను.

ప్రింటూ గుడ్డా పక్కపక్కన పెట్టి కిటికీ దగ్గర చూస్తే కలిశాయి. ప్రదర్శన గదిలో చౌక ఎల్‌ఈడీ కింద విడిపోయాయి. అలాంటి ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు వెలుతురు తక్కువ ఉంటుంది. దాని కింద గుడ్డ రంగు ఒక తీరుగా, ప్రింటు సిరా ఇంకో తీరుగా మసకబారతాయి. ప్రింటును ఆ లైటుకు తగ్గట్టు మార్చమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేస్తే పగటి వెలుతురులో ప్రింటు తప్పవుతుంది. బల్లలన్నీ కిటికీ వైపు జరిపించాము.

ప్రతి ప్రింటు కింద చిన్న కార్డు పెట్టాము. ఏం మార్చామో, ఏం మార్చలేదో అందులో రాశాం. రుమాలు కింద: "చాలా ఫ్రేములు కలిపి కుట్టినది. రంగు, వెలుతురు, లెన్స్ వంపు అసలు గుడ్డతో పోల్చి సరిచేసినవి. ఏదీ తీసేయలేదు, ఏదీ కలపలేదు." ఆసు ఫొటో కింద: "వెలుతురు సరిచేసినది. గదిలో ఉన్నవన్నీ ఉన్నట్టే ఉన్నాయి."

ఆగస్టు 7 తర్వాత

వచ్చినవాళ్లలో నేత కుటుంబాలు ప్రింట్ల కంటే కార్డుల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాయి. ఒక యువకుడు, తండ్రి నేసిన చీరలను ఫోన్లో అమ్మేవాడు, అడిగాడు: "అన్నా, నాకు గీ కెమెరా లేదు. ఫిల్టర్ పెట్టకపోతే ఎవరూ చూస్తలేరు. పెడితే చీర వాపసు వస్తుంది. నేనేం చెయ్యాలె?"

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ప్రాజెక్టు పూర్తయిందని రాయలేను. స్టూడియో మిత్రుడితో కూర్చుని ఒక పేజీ కాగితం తయారుచేస్తున్నాము. ఇప్పటి వరకు తేల్చినవి ఇవి: వాకిట్లో నీడలో తీయాలి, నేరుగా ఎండలో వద్దు. ఇంట్లో లైట్లు ఆర్పాలి. ఫిల్టర్, బ్యూటీ, హెచ్‌డీఆర్ ఆపాలి. చీర పక్కన ఒక తెల్ల కాగితం ఫ్రేములో ఉండాలి, చూసేవాళ్లు రంగును దానితో పోల్చుకుంటారు. ఒక మూల మడిచి వెనక వైపు చూపించాలి. అంచు దగ్గరగా ఒక ఫొటో విడిగా తీయాలి. ఆకర్షణ కోసం ఎడిట్ చేసిన ఫొటో ఒకటి పెట్టాలనిపిస్తే పెట్టుకోవచ్చు గానీ, డబ్బు తీసుకునే ముందు మార్పుల్లేని ఫొటో కూడా పంపాలి. ఈ చివరి దానికి మిత్రుడు పట్టుబట్టాడు, అతనిది సరైన మాట.

అతని ఫోన్‌తోనే (ఆ యువకుడిది) ఈ పద్ధతిలో తీస్తే ఎరుపు, నలుపు బాగానే కలిశాయి. ఆకుపచ్చ, నెమలి కంఠం రంగులు ఒక్కో ఫోన్లో ఒక్కో తీరుగా వస్తున్నాయి. ఆ రంగుల నూలు కండెలను ఊళ్లో దొరికే ఫోన్లన్నింటితో ఒకే వాకిట్లో తీసి పోల్చాలి. దసరా చీరలు మగ్గం దిగేలోపు ఆ కాగితం ఇంటింటికీ చేరాలి.